మూరెడు బల్ల

మనుషుల్లాగే వస్తువుల పేర్లు కూడా దేశాలు తిరిగి వస్తూ ఉంటవి. వాటిలో టీపాయి చేసిన ప్రయాణం బహు విచిత్రమైనది. హిందీవారు మూడుకాళ్ల పీటను ‘తిపాయి’ అంటారు. ‘పాయ్’ అంటే పారశీక భాషలో పాదం. ఈ దేశానికి వచ్చిన దొరలు ఆ మాట విన్నారు. దానిమీద తేనీరు పెట్టుకుంటున్నారు గనుక ఇది తేనీటి బల్లే అయి ఉంటుందనుకుని, పేరులో ‘టీ’ని ఇరికించి రాసుకున్నారు. ఆ పేరే తిరిగి మన ఇంటికి వచ్చింది. వచ్చేటప్పుడు మూడుకాళ్లు కాస్తా నాలుగైనవి. దానిమీద మనం పెట్టుకునేది టీ కూడా కాదు, కాఫీ! ఈ సందడిలో మరుగున పడిపోయింది మన సొంత మాట: ముక్కాలిపీట.

పేరు సంగతి అలా ఉంచి బల్ల సంగతికి వద్దాం. పెద్ద హాలుకు టీపాయి ఎన్నుకోవడం సులభం. ఎక్కడ పెట్టినా ఇముడుతుంది, ఎలా ఉన్నా చెల్లుతుంది. చిన్న వసారాకో, పెరటి గచ్చుకో ఎన్నుకోవడమే కష్టం. అక్కడ ప్రతి అంగుళమూ ఎవరో ఒకరు నడిచే దారి. పైగా అది సగం ఇల్లు, సగం ఆరుబయలు. ఎండ వస్తుంది, జల్లు వస్తుంది, కాకి వస్తుంది, పక్కింటి పిల్లి వస్తుంది. వీటన్నిటినీ తట్టుకుని మనిషికి పనికిరావాలి ఆ బల్ల.

రాజమహేంద్రవరంలో మాది చిన్న ఇల్లు. వంటింటి వెనుక, ప్రహరీగోడకు ఇవతల, ఎనిమిది అడుగుల వెడల్పూ పదడుగుల పొడుగూ గల గచ్చు ఉంది. ఒక మూల కుళాయి, మరొక మూల తులసికోట, గోడవారగా బట్టలు ఆరవేసే తీగ. సాయంత్రం నాలుగు దాటిందంటే నీడ పడుతుంది. ఆపైన గోదావరి గాలి ఆ సందులోకి తిరిగి వస్తుంది. రెండు పేము కుర్చీలు అక్కడే ఉంటవి గాని, వాటిలో కూర్చునేవారు ఉండేవారు కాదు.

మూడేళ్ల క్రిందట మా నాన్నగారు పోయిన తరువాత మా అమ్మ పల్లె విడిచి మా దగ్గరకు వచ్చింది. డెబ్బయ్యారేళ్ల మనిషి. ఉదయం కాఫీ వంటగట్టు పక్కనే నిలబడి తాగేది. కుర్చీలో కూర్చుంటే గ్లాసు నేలమీద పెట్టాలి. నేలమీద పెడితే వంగి తీసుకోవాలి. మోకాళ్లు అందుకు ఒప్పుకోవు. “హాయిగా గచ్చు మీద కూర్చుని తాగవచ్చు గదా అత్తయ్యా,” అన్నది మా ఆవిడ ఒకనాడు.

“ఎక్కడ తాగితే ఏముందమ్మా. ఎవరింట్లో ఐతేనేం, కాఫీ కాఫీయే గదా,” అన్నది అమ్మ.

ఆమె మామూలుగానే అన్నది. కాని ఆ ‘ఎవరింట్లో’ అన్న మాట మా ఆవిడ చెవిని దాటి పోలేదు. ఆ రాత్రి నాతో అన్నది: “గచ్చు మీద ఒక బల్ల వేయించండి. ఆవిడకు గ్లాసు పెట్టుకునే చోటు కూడా లేకపోతే ఇది ఆవిడ ఇల్లని ఎలా అనుకుంటారు?”

ఆ వేసవి సెలవుల్లో వేరువేరు పనులమీద మూడు ఊళ్లకు వెళ్లవలసి వచ్చింది. మూడు చోట్లా ఈ బల్ల విషయమే నన్ను వెంటాడింది. ప్రతి ఊరూ దానికి ఒక్కొక్క సమాధానం చెప్పింది.

మండువాలో నేర్చిన పాఠం

మొదటిది కోనసీమ. మా అమ్మకు వరుసకు అక్క అమలాపురం దగ్గర ఒక పల్లెలో ఉన్నది. ఆమెను చూడడానికి బయలుదేరాను. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటితే రావులపాలెం. అక్కడినుంచి రోడ్డుకు రెండువైపులా కాలువలు, అరటితోటలు, కొబ్బరిచెట్లు. అంబాజీపేట వచ్చేసరికి ఎటు చూసినా కొబ్బరి రాసులే.

పెద్దమ్మది పాతకాలపు మండువా లోగిలి. నాలుగువైపులా గదులు, వసారాలు. నడుమ ఆకాశం. నాలుగు కప్పులూ లోపలికే వాలి ఉంటవి. వాన కురిస్తే నీళ్లన్నీ నడిమి మండువాలో పడి, తూము గుండా బయటికి పోతవి. ఇంటికి వెలుతురూ గాలీ ఇచ్చేది ఆ నడిమి చోటే. మనం ఇప్పుడు ఇళ్ల వెనుకా మేడలమీదా నాలుగు చదరాలు విడిచి మురిసిపోతున్నామే, ఆ ముచ్చటను మనవాళ్లు ఇంటి నడిబొడ్డున కట్టుకున్నారన్నమాట.

నేను గమనించింది ఒకటే. అంత అందమైన చోట నడుమ ఒక్క వస్తువు లేదు. కుర్చీలు వసారాల్లో ఉన్నవి. పడకకుర్చీ స్తంభానికి ఆనుకుని ఉన్నది. మండువా మాత్రం ఖాళీ. “నడుమ ఏదైనా వేసుకోలేదేం పెద్దమ్మా?” అని అడిగాను.

“వాన పడేచోట ఏం వేస్తాం నాయనా? అది వానకే వదిలేశాం,” అన్నది.

చిన్న చోటుకు ఇంతకన్న మంచి సూత్రం ఏ పుస్తకంలోనూ చూడలేదు. బల్ల కొనగానే దాన్ని నట్టనడుమ వేయాలని మనకు తోస్తుంది. నడుమ వేస్తే చుట్టూ తిరగడానికి చోటుండాలి. చోటు లేనప్పుడు అది బల్ల కాదు, అడ్డం. నడుమ విడిచి వారగా వేస్తే అదే గచ్చు రెండింతలు కనిపిస్తుంది.

వసారా చివర, మండువా అంచున ఒక ముక్కాలిపీట ఉన్నది. దానిమీద ఇత్తడి చెంబు, బోర్లించిన గ్లాసు. అక్కడ నేల మండువాలోకి కొంచెం వాలుగా ఉన్నది. అయినా పీట కదలడం లేదు. “నాలుగుకాళ్లదైతే ఈ వాటంమీద టకటకలాడుతుంది. దీనికా బాధ లేదు,” అన్నది పెద్దమ్మ.

ఆమె చెప్పినది లెక్కల మాస్టార్లు ఒప్పుకునే మాట. మూడు బిందువులు ఎక్కడ పెట్టినా వాటిగుండా ఒక సమతలం పోతుంది. అందుచేత మూడుకాళ్ళూ ఎగుడుదిగుడు నేలమీద సైతం ఒకేసారి ఆనుతవి. నాలుగోకాలు వచ్చిందంటే అది ఆనవచ్చు, ఆనకపోవచ్చు. వాననీరు పోవడానికి గచ్చుకు ఎప్పుడూ వాటం ఇస్తారు. మేస్త్రీ చేతివాటాన్నిబట్టి అది ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. హాలులో బుద్ధిగా నిలిచే నాలుగుకాళ్ల టీపాయి గచ్చు మీదికి రాగానే ఊగడం అందుకే. ఒక కాలి కింద మడిచిన కాగితం పెట్టని ఇల్లు మనలో ఎన్ని ఉన్నవి?

ముగ్గుతో కొలత

ఇంటికి వచ్చి ఈ సంగతులు చెబితే మా ఆవిడ ఒక ఉపాయం చేసింది. బల్లకు కొలతలు కాగితంమీద కాదు, గచ్చు మీదే తీద్దామని ముగ్గుబుట్ట తెచ్చింది. రెండు కుర్చీలూ వాటి స్థానాల్లో వేసి, నడుమ రెండడుగుల సున్నా చుట్టింది. “నాలుగు రోజులు ఇది బల్ల అనుకుని దీన్ని తొక్కకుండా తిరుగుదాం,” అన్నది.

మొదటిరోజు మధ్యాహ్నానికే ఆ బల్ల సంగతి తేలిపోయింది. తడిబట్టల బకెట్టు పట్టుకుని వచ్చే పనిమనిషి తిన్నగా దానిమీదనుంచే నడిచింది. ఆమె తప్పు లేదు. కుళాయి నుంచి తీగదాకా పోవడానికి వేరే దారి లేదు. రెండోరోజు ముగ్గు చెరిపి, ఒకటిన్నర అడుగు సున్నా చుట్టి, తులసికోట వైపుకు జరిపాం. దారికి మూడడుగులు మిగిలింది. ఇక ఎవరూ ముగ్గు తొక్కలేదు.

ఒకటిన్నర అడుగు అంటే పద్ధెనిమిది అంగుళాలు. అంటే మూరెడు. మోచేతినుంచి మధ్యవేలి కొనదాకా ఉండే మన పాత కొలత. రెండు గ్లాసులు, ఒక చిన్న పళ్లెం, పత్రిక మడిచి పెడితే అదీ పట్టే చోటు. ఇద్దరు మనుషులకు ఇంతకన్న ఎందుకు?

తక్కిన కొలతలు కూడా చేతిని అడిగితే అదే చెబుతుంది. కుర్చీ అంచుకూ బల్లకూ నడుమ జానెడున్నర ఉండాలి. అంతకు మించితే గ్లాసు కోసం వంగాలి. తగ్గితే మోకాలు తగులుతుంది. బల్ల ఎత్తు కుర్చీ కూర్చునే భాగంతో సమానంగా గాని, ఒకటి రెండు అంగుళాలు తక్కువగా గాని ఉంటే మామూలువాళ్లకు బాగుంటుంది. మా కుర్చీలు పదహారు అంగుళాల ఎత్తు. కాని వంగలేని పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో తక్కువ మంచిది కాదు, కొంచెం ఎక్కువే మేలు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పుస్తకాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన గ్లాసు పెట్టి చూశాం. వీపు కుర్చీని వదలకుండా చెయ్యి గ్లాసును అందుకున్న ఎత్తు మళ్లీ పద్ధెనిమిది అంగుళాలే అయింది. వెడల్పూ మూరెడే, ఎత్తూ మూరెడే! ఇక ఆకారం గురించి తర్కం అక్కరలేదు. ఇరుకుచోట మూలలు ఉన్న బల్ల పిక్కలకు శత్రువు. గుండ్రటిది ఎవరినీ పొడవదు.

నల్లమల దాటి

ఇక దేనితో చేయించాలి? ఆరుబయట పెట్టే బల్లకు అందం కన్న ముందు ఓర్పు కావాలి. పక్కింటివారు కొన్న ప్లైవుడ్ టీపాయి ఒక్క వానాకాలానికే పొరలు విడి పుస్తకంలా తెరుచుకుంది. ఇనుముకు రంగు లేచినచోట తుప్పు పడుతుంది. పేముకు తడి ఆరకపోతే బూజు. అద్దం మంచిదే గాని, కాకులు కొబ్బరిచిప్పలు జారవిడిచే పెరట్లో దానికి ఆయుర్దాయం చెప్పలేం.

ఈ ఆలోచనలోనే ఉండగా మా కళాశాలలో పనిచేసే మిత్రుని కుమార్తె పెళ్లికి నంద్యాల వెళ్లాను. గుంటూరు నుంచి ఆ రైలుదారి చూడదగినది. నరసరావుపేట, వినుకొండ దాటి, మార్కాపురం రోడ్డు, కంభం మీదుగా గిద్దలూరు చేరేవరకు మెట్టపొలాలు, గుట్టలు. గిద్దలూరు దాటి దిగువమెట్ట వచ్చేసరికి నల్లమల అడవి కిటికీదాకా వస్తుంది. కొండలు, వెదురుపొదలు, సొరంగపు చీకటి. గాజులపల్లె దగ్గర అడవి విడిచిపెడుతుంది. కాసేపటికి నంద్యాల.

పెళ్లి మరునాడు పాణ్యం మీదుగా బేతంచర్ల వెళ్లాను. కర్నూలు జిల్లాగా మనం చదువుకున్న ఆ ప్రాంతం 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నది. ఈ ఊరి పేరు మన ఇళ్లలో చాలామంది కాలికింద ఉంటుంది. బేతంచర్ల బండలు పరచని వరండాలు తెలుగుదేశంలో తక్కువ. ఇది సున్నపురాయి. కోట్లాది సంవత్సరాల క్రిందట నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి. అందుకే గనిలో ఉలి పెట్టి లేపితే పలకలుగా లేస్తుంది. నునుపు చేసే యంత్రాల దగ్గర నీళ్లూ రాతిపిండీ కలిసి పాలలా కాలువ కట్టినవి. కోసిన పలకలు గ్రంథాలయంలో పుస్తకాల్లాగా గోడలకు నిలబెట్టి ఉన్నవి.

“ఏం రాయి కావాల సార్? ఇంటికా, అంగడికా?” అని అడిగాడు అక్కడి పెద్దమేస్త్రీ.

మూరెడు బల్లకు ఒక్క గుండ్రటి పలక కావాలంటే ఆయన నవ్వాడు. “ఒక్క పలక్కోసరం ఇంతదూరమొచ్చినారా?” అన్నాడు. అయినా శ్రద్ధగానే చూపించాడు. నల్లదాన్ని నేను మెచ్చుకోబోతే ఆయనే వద్దన్నాడు. “మీ బల్ల ఆరుబయట గదా సార్. నల్లరాయి ఎండకు కాలిపోతాది. ఎండాకాలం చెయ్యి పెట్టలేరు. లేతరంగుది తీసుకోండి. వేడి గ్లాసు పెట్టినా ఏం గాదు, నీళ్లు పడినా ఏం గాదు. నిమ్మకాయ మాత్రం పిండొద్దు. మచ్చ పడితే తుడిచినా పోదు.”

ఆ నిమ్మకాయ మాటలో ఆ సీమ చరిత్ర అంతా ఉన్నది. సున్నపురాయికి పులుపు పడదు. ఆమ్లం తగిలితే కరుగుతుంది. వాననీరు కూడా గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం ఆమ్లగుణం పొందుతుంది. ఆ పలుచని పులుపే లక్షల ఏళ్లు రాతిపగుళ్లలోకి దిగి, కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను తొలిచింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు వాటిని గురించి రాశాడు. ఇంతవరకు 3,229 మీటర్ల పొడుగున గుహలను కొలిచారు. అంత గుహను తొలిచిన గుణం మన బల్లమీద ఒక నిమ్మచెక్క చుట్టూ వెలసిన మచ్చగా కనిపిస్తుంది. మజ్జిగలో నిమ్మ పిండుకునే ఇంట్లో ఈ రాయి ఉంటే గ్లాసు కింద చిన్న పళ్లెం తప్పనిసరి. చింతపండుకూ ఇదే న్యాయం.

అంగుళం మందం గల లేతరంగు పలకను గుండ్రంగా కోయించి, అంచు చేతికి తగలకుండా అరగదీయించాను. పైభాగం మరీ అద్దంలా మెరిపించవద్దన్నాను. ఎండకు కళ్లు చెదురుతవి. పదకొండు కిలోల దాకా తూగింది. గోనెలో చుట్టి తాడు కట్టి ఇచ్చారు. తిరుగు రైల్లో ఎదుటి సీటాయన గోనెను కాలితో తట్టి, “పెళ్లివారు ఇంత పెద్ద అప్పచ్చి పెట్టారా?” అని అడిగాడు.

ఊగేదా, పడేదా?

మా వీధి చివర వడ్రంగి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. మాట తక్కువ, పని ఎక్కువ. పలక చూసి మెచ్చుకున్నాడు. మూడుకాళ్లు అనగానే మాత్రం చేతిలోని పెన్సిలు చెవిలో పెట్టుకున్నాడు.

“ముక్కాలిపీట ఊగదు మాస్టారూ, పడుతుంది. నాలుక్కాళ్లది పడదు, ఊగుతుంది. మీకేది కావాలో చెప్పండి.”

ఈ ప్రశ్న ముందు నేను కాసేపు మాట్లాడలేదు. అమ్మ కుర్చీలోనుంచి లేచేటప్పుడు అలవాటుగా బల్లమీద చెయ్యి మోపిందంటే? ఆయన తన కొట్టులోని తేలికపాటి ముక్కాలిపీట ఒకటి తెచ్చి, రెండుకాళ్ల మధ్య అంచుమీద అరచెయ్యి నొక్కాడు. పీట వెంటనే లేచింది. తరువాత అదే పీటమీద మా రాతిపలక పెట్టి నొక్కాడు. ఈసారి గట్టిగా బరువు వేస్తేగాని కదలలేదు. బరువున్న పలక తన బరువుతో తానే పీటను పట్టి ఉంచుతుంది. కాళ్లు బయటికి చాచి ఉంటే ఇంకా మంచిది. కాని మరీ చాస్తే నడిచేవాళ్ల వేళ్లకు తగులుతవి.

చివరకు ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. కాళ్లు మూడే. పలక అంచుకన్న రెండంగుళాలు బయటికి చాచాలి. పలక జారకుండా కింద చెక్క చట్రానికి అంటించాలి. టేకు కాళ్లు. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల దానికి తడి అంత సులభంగా ఎక్కదు. అయినా కలప నీళ్లు పీల్చేది ఎక్కువగా కోసిన చివరలనుంచే గనుక, కాళ్ల అడుగున రబ్బరు బొడిపెలు. “ఇంత చేసినా ఇది మీద పడి లేవడానికి కాదు మాస్టారూ. అమ్మగారి కుర్చీకి గట్టి చేతులు ఉండాలి. బల్ల పని బల్లది, కుర్చీ పని కుర్చీది,” అన్నాడు.

పేము కుర్చీల చేతులు సన్నగా ఉన్నవి. అందుచేత అమ్మ కోసం హాలులోని టేకు చేతుల కుర్చీ గచ్చు మీదికి వచ్చింది. బల్ల వల్ల కుర్చీ మారిందన్నమాట. పెద్దవాళ్లున్న ఇంటివారు ఈ సంగతి గమనించాలి. బల్ల ఎంత చక్కనిదైనా, లేవడానికి ఊతం కుర్చీలోనే ఉండాలి.

వరాహనది ఒడ్డున

అన్నవరంలో వ్రతం చేయించుకోవాలని అమ్మకు మొక్కు ఉన్నది. ఆ పని ముగించుకుని, తుని దాటి, నర్సీపట్నం రోడ్డు ప్రాంతం మీదుగా ఏటికొప్పాక వెళ్లాం. వరాహనది ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోది, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోది. ఈ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటంమీద ఢిల్లీలో ఊరేగినవి ఈ బొమ్మలే.

అంకుడు కర్ర మెత్తనిది. తరిణె మీద తిరుగుతూ ఉంటే ఉలి తగిలినచోటల్లా ఈకల్లా పొట్టు లేస్తుంది. ఆకారం వచ్చిన తరువాత రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనించి పట్టుకుంటారు. ఒరిపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి లక్క కరిగి కర్రమీద పరుచుకుంటుంది. కుంచె లేదు, తడి లేదు. పసుపు, నీలిమందు, జాఫ్రాగింజలు మొదలైన వాటినుంచి తీసిన రంగులు. అమ్మ ఆ తరిణె ముందునుంచి కదలలేదు.

ఎర్రటి లక్క పూసిన చిన్న పళ్లెం ఒకటి మా ఆవిడకు నచ్చింది. కాఫీ గ్లాసుల కింద బాగుంటుందన్నది. పనిచేస్తున్న కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు. “వేడి గ్లాసులు పెట్టకండమ్మా. వేడితో వేసిన లక్క వేడికే మెత్తబడుతుంది. మచ్చ పడుతుంది. పళ్లో, వక్కలో పెట్టుకోండి.” అమ్ముడుపోయే సరుకు అమ్మకుండా నిజం చెప్పిన ఆ కుర్రవాడి మీద అమ్మకు గురి కుదిరింది. మూతగల ఒక ఎర్ర భరిణె ఏరి, వక్కపలుకులకు అని తనే డబ్బిచ్చి కొన్నది. మా ఇంటికి వచ్చిన మూడేళ్లలో ఆమె తన కోసం అడిగి కొనుక్కున్న వస్తువు అదే.

అలంకారం ఎంతవరకు?

బల్ల వచ్చిన రోజున మా ఆవిడ ముచ్చటగా అలంకరించింది. మీద ఒక కుట్టుగుడ్డ, పొడుగాటి పూలకుండీ, రెండు పత్రికలు, ఇత్తడి బొమ్మ, అగరుబత్తీల స్టాండు, అమ్మ భరిణె. చూడడానికి పత్రికలో బొమ్మలాగే ఉన్నది. అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి, చుట్టూ చూసి, “దీన్నెక్కడ పెట్టనే?” అన్నది.

అందరం నవ్వాం. మా ఆవిడే ఒక్కొక్కటి తీసేసింది. గాలికి గుడ్డ ఎగిరి గ్లాసును లాగుతుంది గనుక గుడ్డ మొదట వెళ్లింది. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ల ముఖాలు ఒకరికొకరికి కనపడనివ్వని కుండీ తరువాత. ఇత్తడి బొమ్మకు పుస్తకాల బీరువా దొరికింది. చివరకు మిగిలినవి మూడు. భరిణె, నీళ్లలో నాలుగు సన్నజాజులు వేసిన జానెడు ఇత్తడి గిన్నె, గ్లాసులు పెట్టుకోవడానికి ఒక స్టీలు పళ్లెం. మొక్కలు బల్ల ఎక్కవలసిన అవసరమే లేదు. తులసికోట పక్కనే ఒక చేమంతి కుండీ, గోడవారగా ఒక క్రోటను నేలమీద ఉంటే బల్లకు వెనుక తెర కట్టినట్లే.

చిన్న బల్ల అలంకారానికి మా ఇంట్లో స్థిరపడిన నియమాలు ఇవి. బల్లలో సగం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. జానెడుకు మించిన ఎత్తు వస్తువు పెట్టకూడదు. వాన వస్తే ఒక్క చేత్తో ఒక్క సారిగా లోపలికి తీసుకుపోగలిగినవే ఉండాలి. రంగు ఒక్కటి చాలు. బూడిదరంగు గచ్చు, లేతరాయి, టేకు గోధుమవర్ణం, వీటి నడుమ భరిణె ఎరుపు చాలినంత వెలుగు ఇస్తుంది. రోజుకొకసారి తడిగుడ్డతో తుడవడం, ఏడాదికొకసారి కాళ్లకు నూనె పట్టించడం తప్ప వేరే సేవ లేదు.

వానలు మొదలైనవి. బల్ల ఊగలేదు, ఉబ్బలేదు. రాతిమీద ఒకచోట చిన్న వెలిసిన మచ్చ మాత్రం పడింది. ఎవరో నిమ్మచెక్క పెట్టారు. ఎవరని విచారణ చేయలేదు.

మొన్న ఒక సాయంత్రం కళాశాలనుంచి వచ్చేసరికి వంటింటి వెనుకనుంచి అమ్మ గొంతు వినిపించింది. ప్రహరీగోడకు అవతల ఉన్న పక్కింటి పెద్దావిడతో మాట్లాడుతున్నది. “అక్కడ నిలబడి ఎంతసేపని మాట్లాడతావు వదినా? మా ఇంటికి రా. గచ్చు మీద కూర్చుందాం.”

మా ఆవిడ స్టవ్వు దగ్గర ఉన్నది. నావైపు చూసి, ఏమీ అనకుండా, ఇంకొక గ్లాసెడు పాలు గిన్నెలో పోసింది. మూరెడు బల్లమీద రెండో గ్లాసుకు చోటున్నది.